అద్దము వెనుకటి చిత్రము

చిత్రమును మెచ్చువారు పెక్కురు. దానిని కాపాడు రీతి నెఱిగినవారు కొందఱే. అద్దముపై వెనుకనుండి వ్రాసిన చైనా పటముల విషయమున నీ లోపము స్పష్టముగా గానవచ్చును.

18వ శతాబ్దమున కాంటన్ రేవులోని చిత్రకారులు ఐరోపానుండి వచ్చిన అద్దపు పలకల వెనుక బొమ్మలు వ్రాసి విదేశములకు పంపుచుండిరి. ఆ విద్య మన దేశమునకును వచ్చి, తంజావూరు, మైసూరు పటములలో దేవతామూర్తులను దాల్చినది. 1894లో రవివర్మ అచ్చుకూటము వెలసిన పిమ్మట చౌక అచ్చుపటముల వెల్లువలో నది వెనుకబడినది.

ఇందలి విశేషము వ్రాతక్రమమున నున్నది. గుడ్డపై వ్రాయువాడు ముందుగా నేలరంగు పూసి, కనుపాపను, నగలను కడపట దిద్దును. అద్దముపై వ్రాయువాడు వానినే మొదట వ్రాయవలెను; ఆకాశము కడపటిది. కుడియెడమలును తాఱుమాఱగును. నేలరంగు పడిన వెనుక కనుబొమ్మను సవరింప వీలులేదు.

కావున బాగుచేయువాని తొందరపాటును నేను మెచ్చను. రాలినచోట వెనుకనుండి పులిమిన క్రొత్తరంగు పాతదానితో గలిసిపోవును. తీయబోయిన పాతదియు నూడివచ్చును. తగిన రంగు వేసిన కాగితమును వెనుక నుంచుట మేలు. వలదనుకొన్ననాడు తీసివేయవచ్చును.

నున్నని గాజుపై రంగునకు పట్టు తక్కువ. చెమ్మ హెచ్చి తగ్గినపుడెల్ల పెచ్చులు లేచును. మండపేటవంటి కాలువల నడిమి యూళ్లలో నిది మఱింత భయము. వెనుకచెక్క విప్పి తడిగుడ్డతో తుడుచు శుభ్రత చిత్రమునకు మృత్యువు. పెచ్చులు రాలుచున్న పటమును దించి, గాజువైపు క్రిందికుండునట్లు పరుండబెట్టి, నిపుణుని రప్పింపవలెను.

పాతదని పారవేయువాడును, క్రొత్తగా మెఱయవలెనని రంగు పులుమువాడును చిత్రమునకు సమానముగా శత్రువులే. మిగిలినదానిని మిగిలినట్లు నిలుపువాడే దాని నిజమైన సంస్కర్త.