ఎర్రవస్త్రం కింది అధికారం : ‘లాల్ షాలూ’ నవల

పాకిస్తాన్ ఏర్పడిన మరుసటి ఏడాది, 1948లో, సయ్యద్ వలీయుల్లా బెంగాలీ నవల ‘లాల్ షాలూ’ వెలువడింది. మజీద్ అనే ఆగంతకుడు తూర్పు బెంగాల్ పల్లెలో పాడుబడిన సమాధిని పీరు సమాధిగా ప్రకటించి, ఎర్రవస్త్రం కప్పి, ఊరిపై పెత్తనం సంపాదిస్తాడు. దీనిని కేవలం మూఢవిశ్వాస ఖండనగా చదివితే నవలలోని రాజకీయం మరుగున పడుతుంది. అక్కాస్ అనే యువకుడు బడి స్థాపించాలని పూనుకుంటే, మజీద్ అతని గడ్డం ఏదని నిలదీస్తాడు. బడి ప్రస్తావన అణగిపోయి, ఊరు మసీదు నిర్మాణానికి పూనుకుంటుంది. ప్రజల అవసరం విశ్వాస పరీక్షగా మారే క్రమం ఇదే. 1949 మార్చిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ లక్ష్యాల తీర్మానం సార్వభౌమత్వం అల్లాహ్‌దేనని ప్రకటించింది. దైవం పేరిట మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్నను నవల అప్పటికే లేవనెత్తింది. చివర, శిక్షకు గురై నేలకొరిగిన చిన్నభార్య జమీలా పాదం సమాధిని తాకి ఉంటుంది. ఆ మౌన ధిక్కారాన్ని ఏ తీర్పూ లొంగదీయలేదు.