ఒడిలో కుంపటి, వాకిట్లో మంచు

డిసెంబరు 21తో కశ్మీరు లోయలో కాలాన్ని లెక్కపెట్టే పద్ధతే మారిపోతుంది. ఆనాటి నుంచి నలభై రోజులు చిల్లై కలాన్. గడ్డు చలి. అది జనవరి నెలాఖరుకు పోతే దాని వెనకాలే ఇరవై రోజుల చిల్లై ఖుర్ద్, ఆ పైన పది రోజుల చిల్లై బచ్చా. అన్నీ కలిపి డెబ్భై రోజులు. దాల్ సరస్సు అంచులు గడ్డకడతాయి. కుళాయిల్లో నీళ్లు బిగుసుకుపోతే గొట్టాల మీద వేణ్నీళ్లు పోసి కరిగించుకోవాలి. 2024 డిసెంబరు 21 తెల్లవారుజామున శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది.

చలి ఒక్కటే అయితే మందంగా కప్పుకుంటే సరిపోతుంది. మనిషిని కుంగదీసేది వెలుతురు లేకపోవడం. మబ్బు, పొగమంచు, సాయంత్రం ఐదున్నరకే చీకటి. పొలం పని ఉండదు. బడులు మూసేస్తారు. వెనకటికి మంచు ముమ్మరంగా పడితే లోయ నుంచి బయటికి దారే ఉండేది కాదు. ఇలాంటి రోజుల్లో మనసుకు పట్టే దిగులుకు 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్, ఆయన తోటి పరిశోధకులు ఒక జబ్బు పేరు పెట్టి, ప్రకాశవంతమైన దీపాల ముందు కూర్చోబెట్టే వైద్యం మొదలుపెట్టారు. కశ్మీరీలు దానికి పేరు పెట్టలేదు. నలుగురూ ఒకచోట చేరక తప్పని విధంగా ఇల్లు, వంట, బట్ట అన్నీ అమర్చుకున్నారు.

ఆ అమరిక చలికాలంలో మొదలవదు, ఎండలుండగానే మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏ పల్లెకు వెళ్లినా ఇళ్ల గోడల మీద, కిటికీల మీద కూరగాయల దండలు వేలాడుతుంటాయి. సొరకాయను పొడుగు పీలికలుగా, టర్నిప్‌ను చక్రాల్లా, వంకాయను నిలువునా చీల్చి ఎండబెడతారు. టమాటాలు కూడా ఎండబెడతారు. చేపల్ని ఎండబెట్టడమూ ఉంది, పొగ పెట్టడమూ ఉంది. వీటన్నిటినీ కలిపి హోఖ్ స్యూన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే వరుగులు. వెనకటికి మంచు వల్ల బనిహాల్ కనుమ దగ్గర రోడ్డు మూతపడితే వారాల తరబడి పచ్చి కూర దొరికేది కాదు కాబట్టి ఇది అవసరమైంది. ఇప్పుడా బెంగ బాగా తగ్గింది. బనిహాల్, కాజీగుండ్‌ల మధ్య ఎనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగాన్ని మన హైదరాబాదు సంస్థ నవయుగ తవ్వింది, 2021లో వాహనాలకు తెరిచారు. 2025 జూన్ నుంచి కాట్రా–శ్రీనగర్ రైలు కూడా నడుస్తోంది. అయినా వరుగులు పోలేదు. ఎండు వంకాయతో పులుసు పెడితే వచ్చే రుచి పచ్చి వంకాయకు రాదని అక్కడివాళ్ల మాట. వరుగుల పులుసు తిన్నవాళ్లెవరూ కాదనరు.

ఇక కాంగ్రీ, ఒడిలో పెట్టుకునే కుంపటి. గుండ్రటి మట్టి మూకుడు, దాని చుట్టూ సన్నటి పుల్లలతో అల్లిన బుట్ట, పైన పట్టుకోవడానికి పిడి, పక్కన దారానికి కట్టిన చిన్న గరిటె. చరారే షరీఫ్‌లో అల్లే కాంగ్రీలకు పేరెక్కువ. శరదృతువులో చినార్ ఆకులు ఎర్రబారి రాలుతుంటే పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు, ఊళ్లోని ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని ఊడ్చి కుప్పలు పోస్తారు. కుప్పకు నిప్పంటించి, పూర్తిగా బూడిద కాకముందే నీళ్లు చల్లి ఆర్పితే నల్లటి తేలికపాటి బొగ్గు మిగులుతుంది. మూకుట్లో ఆ బొగ్గు నింపి, పైన నాలుగు నిప్పులు వేసి, బూడిద కప్పుతారు. కిటుకంతా ఆ బూడిదలోనే ఉంది. ఎక్కువైతే నిప్పు ఊపిరాడక చస్తుంది, తక్కువైతే గంటలో మండిపోతుంది. చేయి తిరిగిన వాళ్లు నింపితే పొద్దున్న పెట్టింది సాయంత్రం దాకా వస్తుంది. వేడి తగ్గినప్పుడల్లా గరిటెతో బూడిదను కాస్త పక్కకు లాగితే చాలు.

దీనికి జోడు ఫెరన్, మోకాళ్ల కింది దాకా వేలాడే వదులు ఉన్ని అంగీ. అది అంత వదులుగా ఎందుకుందో కాంగ్రీని చూస్తేనే అర్థమవుతుంది. చేతులు లోపలికి లాక్కుని కాంగ్రీని పొట్ట దగ్గర పట్టుకుంటారు, బయట అంగీ ఖాళీ చేతులు ఊగుతుంటాయి. వీధిలో నడుస్తూ కూడా అంతే. ఇంటికొచ్చిన వాళ్లకు మంచినీళ్లకన్నా ముందు కాంగ్రీ అందిస్తారు. చుట్టాలు కూర్చుంటే ఉన్న ఒక్క కాంగ్రీ చేతులు మారుతూ తిరుగుతుంది. ఈ అంగీ అంటే అక్కడివాళ్లకు ఎంత పట్టుదలంటే, 2018 డిసెంబరులో విద్యాశాఖ స్థానిక కార్యాలయం ఒకటి ఆఫీసుకు ఫెరన్ వేసుకుని రావద్దని ఉత్తర్వు వేస్తే గగ్గోలు పుట్టి దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అయితే కాంగ్రీని ఉత్తినే మెచ్చుకోలేం. పొట్ట మీద, తొడల మీద ఏళ్ల తరబడి తగిలే సెగకు చర్మం కమిలి కొందరికి క్యాన్సర్ అవుతుంది. శ్రీనగర్‌లో పనిచేసిన మిషనరీ వైద్యుడు ఎల్మ్‌స్లీ 1866లోనే దాని గురించి రాశాడు. వైద్యగ్రంథాల్లో దాని పేరే కాంగ్రీ క్యాన్సర్. పరుపులంటుకోవడం, మూసిన గదిలో బొగ్గుపొగకు ప్రాణాలు పోవడం వేరే సంగతి.

హమామ్ ఇంతకన్నా క్షేమం. అది ఇంట్లోనో మసీదులోనో ఒక గది. నేల రాతిపలకలతో పరుస్తారు, కింద బోలుగా ఉంటుంది. బయటి నుంచి పొయ్యిలో కట్టెలు పెడితే సెగ, పొగ పలకల కింద పాకి గొట్టం గుండా పోతాయి. పొయ్యి మీదే రాగి తొట్టి, అందులో నీళ్లు కాగుతుంటాయి. పొద్దున్న కట్టెలు పెడితే నేల చాలాసేపు వెచ్చగా ఉంటుంది. మసీదు హమామ్‌లో నమాజు అయ్యాక కూడా ముసలివాళ్లు కదలరు. రోడ్డు తెరిచారా, ఎవరికి బాగాలేదు, ఎవరి సంబంధం కుదిరింది, అన్నీ అక్కడే తేలతాయి. ఇంటి హమామ్‌లోనైతే తాత నుంచి మనవడి దాకా ఆ ఒక్క గదిలోనే తిండి, చదువు, నిద్ర.

ఈ పద్ధతి విలువ ఇక్కడే ఉందని నా నమ్మకం. కట్టెలు కొద్ది, వెచ్చటి గది ఒక్కటి, కాబట్టి అలిగినవాడు కూడా అక్కడికే వచ్చి కూర్చోవాలి. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడే షికాగోలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ప్రతి గదీ వెచ్చగానే ఉంటుంది. ఎవరి గది తలుపు వాళ్లు వేసుకుంటే అడిగేవాళ్లుండరు.

పొద్దున్నే నిద్ర లేపేది హరిస్సా. మాంసం, బియ్యం, సోంపు, దాల్చినచెక్క, ఏలకులు, మట్టిపొయ్యిలో పూడ్చిన పెద్ద పాత్రలో రాత్రంతా ఉడుకుతాయి. ఎముకలు ఏరేసి పొడుగాటి చెక్కగరిటెతో మెత్తగా మెదిపి, పైన సలసల కాగే నూనె పోసి, వేడి రొట్టెతో పెడతారు. మన హైదరాబాదు హలీమ్‌కు దగ్గరి చుట్టమే, కాకపోతే హలీమ్‌లో గోధుమ, ఇందులో బియ్యం. హలీమ్ రంజాన్‌కైతే ఇది చలికాలపు ఉదయానికి. కొత్తగా పెళ్లయిన కూతురి అత్తారింటికి హరిస్సా గిన్నె పంపడం ఆనవాయితీ. అదొక రకం సారె. ఆ తర్వాత రోజంతా నూన్ చాయ్. పచ్చి టీ ఆకును వంటసోడాతో చాలాసేపు మరగబెట్టి, చన్నీళ్లు పోసి చిలికి, పాలు, ఉప్పు వేస్తారు. గులాబీ రంగు ఉప్పు టీ మొదటి గుక్కలో మనకు ఎక్కదు.

సరదాలూ ఉన్నాయి. తొలి మంచు పడిన రోజు గుప్పెడు మంచును పొట్లం కట్టి, ఏదో మంచి వస్తువన్నట్టు స్నేహితుడి చేతిలో పెడతారు. తెలియక పుచ్చుకున్నవాడు విందు ఇచ్చుకోవాలి. కశ్మీరీ పండితుల ఇళ్లలో ఖేచ్రీ అమావాస్య ఉంది. వాళ్ల లెక్కలో పౌష అమావాస్య, మన పంచాంగంలో మార్గశిర అమావాస్య. ఆ రాత్రి యక్షుడి కోసం కిచిడీ వండి బయట పెడతారు, అతని టోపీ చేజిక్కితే ఇంటికి సిరి పడుతుందని పిల్లలకు కథ చెప్తారు. 1990లో లోయ విడిచి వచ్చిన పండితులు జమ్మూలో, ఢిల్లీలో ఇప్పటికీ ఆ కిచిడీ పెడుతున్నారు.

ఈ వెచ్చదనమంతా ఎక్కువగా ఆడవాళ్ల చాకిరీ. ఆకులు ఊడ్చేది, కూరలు తరిగేది, పొద్దున్నే కాంగ్రీలు నింపేది వాళ్లే. కట్టెల ధర చూస్తే హమామ్ ఇప్పటికీ కలిగినవాళ్ల ఇళ్ల మాటే.

చిల్లై కలాన్‌లో శ్రీనగర్ వెళ్లాలనుకునేవాళ్లు రెండు గుర్తుంచుకోండి. హోటల్‌వాళ్లు కాంగ్రీ ఇస్తే కూర్చున్నంతసేపే వాడండి, పడుకునే ముందు గది బయట పెట్టేయండి. హరిస్సా కావాలంటే పాతబస్తీలో ఆలీ కదల్ వైపు ఎనిమిదిలోపే చేరుకోండి. ఎండెక్కాక లేస్తే మిగలదు.