కాటా చీటీ చెప్పిన వారసత్వం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి చూసినవాళ్లకి కాటా చీటీ కొత్త కాదు. ట్రే కాటా ఎక్కగానే బరువు ఒకదాని కింద ఒకటి రాసుకుపోతారు. ట్రేలన్నీ కలిస్తే చెరువు, చెరువులన్నీ కలిస్తే రైతు లెక్క. పిల్లలకి పైథాన్ చెప్పేటప్పుడు నేను ఆ చీటీనే ముందు పెడతాను: [[30, 31], [29, [28, 30]]]. జాబితా కడుపులో జాబితా.

దీన్ని నేరుగా ‘సమ్’కి ఇస్తే టైప్ ఎర్రర్ అని ఆగిపోతుంది. సున్నాతో మొదలెట్టి, మొదట దొరికిన జాబితాని ఆ సున్నాకి కలపబోతుంది. అంకెకీ జాబితాకీ పొత్తు కుదరదు.

అందుకే ఒక తల్లి క్లాసు రాస్తాం. అందులో ‘మొత్తం’ అనే మెథడ్ జాబితా తగిలితే తననే మళ్లీ పిలుచుకుని లోపలికి దిగుతుంది. అంకె తగిలితే ‘బరువు’ అనే ఇంకో మెథడ్‌ని అడుగుతుంది. తల్లి దగ్గర ‘బరువు’ ఆ అంకెని ఉన్నదున్నట్టు ఇస్తుంది. మొత్తం 148.

ఖాళీ ట్రే బరువు 2 కిలోలు తీసేయాలంటే? పిల్ల క్లాసులో ‘బరువు’ ఒక్కటే మార్చి రాస్తే చాలు, 138 వస్తుంది. లోపలికి దిగే పనంతా తల్లిదే. ఆ లూపునంతా పిల్ల క్లాసులోకి మళ్లీ ఎక్కించే కుర్రాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది వారసత్వం కాదు, నకలు.

మొదట్లో నేనూ ఒక తప్పు చేశాను. లోపలి జాబితా తగిలినప్పుడు ‘సెల్ఫ్’ని పిలవకుండా, తల్లి క్లాసు పేరే రాసి కొత్త ఆబ్జెక్టు చేశాను. పిల్లకి తెలిసిన తరుగు లోపలి మెట్లకి అందనే లేదు. ఎన్నిసార్లు నడిపినా 148 కదల్లేదు. ఒక సాయంత్రమంతా అక్కడే పోయింది. ఆ రోజు నుంచే ‘సెల్ఫ్’ అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది: ఇప్పుడు పని అడుగుతున్నది తల్లయినా పిల్లయినా, ఎవరైతే వాళ్లే.

ఇంకో చిక్కు పైథాన్ సొంత వంశవృక్షంలోనే ఉంది. 2003లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ‘బూల్’ అనేది ‘ఇంట్’కి పిల్ల క్లాసు. సొమ్ము ముట్టిందని గుర్తుకి 31 పక్కన ‘ట్రూ’ అని పెడితే అది 1గా లెక్కలోకి వస్తుంది. తల్లి 149 అంటుంది. పిల్ల ఆ ఒకటిలోంచి కూడా 2 తీసేసి 137 అంటుంది. అందుకే బూల్‌ని వదిలేసే షరతుని తల్లి ‘మొత్తం’లోనే, అంకె అవునా అని అడిగే వరుసకి ముందే రాయిస్తాను. రేపు కౌంటుని, అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నదాన్ని బట్టి ధర కట్టే పిల్ల క్లాసు ఇంకొకటి పుట్టినా, దానికీ ఆ కాపలా ఉంటుంది.