ఓడిపోయే అమృతరావుకు హైటెక్ సిటీలో పనేంటి?

‘అమృతం’ సీరియల్ పేరెత్తితే చాలు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ శుభ్రమైన హాస్యం అంటారు. నిజమే, కానీ అది సగమే. 2001 నవంబరు 18న జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు దాకా ప్రతి ఆదివారం వస్తూ 313 భాగాలు నడిచిన ఆ కథలో సుఖంగా ఉన్నవాడు ఒక్కడుంటే చూపించండి. అమృత విలాస్ అనే చిన్న హోటలు, దాన్ని నడపడం చేతకాని ఇద్దరు స్నేహితులు అమృతరావు, ఆంజనేయులు, నెత్తిమీద ఇంటి ఓనరు అప్పాజీ. సిరివెన్నెల రాయగా కల్యాణి మాలిక్ స్వరపరచిన టైటిల్ పాట కూడా కష్టాల గురించే. ఆంజనేయుల్ని పేరుపెట్టి పిలిచి మరీ ఓదారుస్తుంది.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది, ఆరేళ్లయినా వీళ్లకు బుద్ధి రాదు అన్నది దీని మీద విమర్శ. దీని సృష్టికర్త గుణ్ణం గంగరాజు పనితనం ఉన్నది సరిగ్గా అక్కడే అంటాను నేను. అమృతరావు ఈ వారం మునుగుతాడు. వచ్చే వారానికి హోటలు తెరిచే ఉంటుంది, అందులో పనిచేసే సర్వం అక్కడే ఉంటాడు, ఆంజనేయులు మళ్లీ వెంట నడుస్తాడు. అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్‌ల చేతులు మారింది. మారనిది ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావు ముఖం. ఆ ముఖంలో నవ్వు కంటే ముందు బెంగ కనిపిస్తుంది. అమృతరావు కొత్త ఆలోచన చెబుతుంటే ఆంజనేయులు కళ్లలో భయం ముందు పుడుతుంది, తల ఊపడం తర్వాత. మనకు నవ్వొచ్చేది ఆ సందులోనే. 2020లో జీ5లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఎల్బీ శ్రీరాం ఆంజనేయులయ్యారు. గొప్ప నటుడే, కానీ నాకు ఆ బెంగ దొరకలేదు. ఈ స్నేహితుల భార్యల దిగులుకు మాత్రం ‘అమృతం’ ఇచ్చిన చోటు తక్కువ, అది నిజమైన లోపం.

దిగులులోంచి నవ్వు పుట్టించే ఈ తీరు తెలుగుకు కొత్త కాదు. ముళ్లపూడి వెంకటరమణ ‘ఋణానందలహరి’లో అప్పారావు చేసేది అప్పే, దాచేది లేమినే. అమెరికా యానిమేషన్ సిరీస్ ‘బోజాక్ హార్స్‌మన్’ (2014-2020) ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ చేసిన తప్పు హీరోని వదలదు, ఏళ్ల తరబడి వెంటాడుతుంది. విమర్శకులు దాన్ని అందుకే నెత్తిన పెట్టుకున్నారు. లోతుకు అదొక్కటే కొలమానమంటే ఒప్పుకోను.

ఎందుకంటే హైటెక్ సిటీలో తప్పు వెంటాడటం రోజూ చూసేదే. అక్కడి సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది, ‘అమృతం’ కంటే మూడేళ్లు పెద్దది. గచ్చిబౌలి హాస్టళ్లలో రాత్రి పది దాటాక చూడండి. చల్లారిన పప్పూ అన్నం ముందు, నీళ్ల సీసాకు ఆనించిన ఫోనులో యూట్యూబ్‌లో ‘అమృతం’ నడుస్తుంటుంది. చూసేవాడు ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాడో, హైక్ రానివాడో. నిరుటి రేటింగు ఈ ఏడాది అప్రైజల్లోనూ పలుకుతుంది. అమృతరావుకు అలాంటి అప్రైజల్ ఫైలు లేదు. ఓడినందుకు వాణ్ని ఎవరూ తీసెయ్యరు, పైగా పక్కన స్నేహితుడు ఉంటాడు. తీసెయ్యకపోవడమన్న ఆ ఒక్క ఊరట కోసమే ఈ కుర్రాళ్లు చిన్నప్పటి సీరియల్‌కి తిరిగొస్తున్నారని నా అనుమానం. ఉత్త జ్ఞాపకాల మోజని కొట్టిపారేస్తే పొరపాటు.

మాదాపూర్ చుట్టూ తీస్తున్న ఐటీ కామెడీల్లో మాత్రం చివరికి హీరోకు ఆఫరో, అమ్మాయో దక్కాల్సిందే. దిగులు పది నిమిషాలకే విసుగన్నట్టు రాస్తారు. ఈ ఐటీ కారిడార్లో పనిచేస్తూ కథలు రాసుకుంటున్న కుర్రాళ్లకు ఒకటే మనవి: ప్రమోషన్ రాని టీం లీడ్ కథ రాయండి, ఆఖరి భాగంలో కూడా వాడికి ప్రమోషన్ ఇవ్వకండి.