బూటులో దూరిన అర్థాలు

ఇంగ్లీషు ‘బూట్’ ఫ్రెంచి నుంచి మధ్యయుగాల్లో వచ్చి చేరిన మాట. ఇప్పటి ఫ్రెంచిలో దాని రూపం ‘బొత్’. పాదాన్నీ చీలమండనూ, చాలాసార్లు పిక్కనూ కప్పే జోడు అన్నది రెండు భాషల్లోనూ మొదటి అర్థం. అక్కడి నుంచి రెండూ వేర్వేరు దారులు పట్టాయి.

ఇంగ్లీషులో ఈ మాట బండెక్కింది. 17వ శతాబ్దపు గుర్రపు బగ్గీల్లో నౌకర్లు కూర్చునే పక్క చోటును బూట్ అనేవారు. రానురాను అది సామాను పెట్టుకునే అర అయింది, మోటారు కార్లు వచ్చాక వెనుక అరకు ఆ పేరే నిలిచింది. బ్రిటన్‌లో నేటికీ అదే వాడుక. అమెరికాలో దాన్ని ట్రంక్ అంటారు. తెలుగువారు డిక్కీ అంటారు. ఆ డిక్కీ కూడా ఒకప్పుడు ఆసనమే: పాత కార్లకు వెనుక వైపు తెరుచుకునే మడత సీటు పేరది. మనుషులు కూర్చునే చోటు సామాను చోటుగా మారడం ఈ రెండు మాటల విషయంలోనూ ఒకేలా జరగడం విశేషం.

కంప్యూటర్ ‘బూట్’ కావడం వెనుక ఒక తోలు పట్టీ ఉంది. బూటు పైఅంచుకు కుట్టిన ఆ పట్టీని పట్టుకుని లాగితే కాలు లోపలికి దిగుతుంది. తన బూటు పట్టీలు తానే లాగి తనను తాను పైకి ఎత్తుకోవడం అనే మాటను 19వ శతాబ్దంలో జరగని పనికి ఉదాహరణగా చెప్పేవారు. తర్వాత అదే స్వయంకృషికి మెప్పుగా మారింది. 1950లలో కంప్యూటర్ ఇంజనీర్లకు సరిగ్గా అలాంటి చిక్కే ఎదురైంది. మెమరీ ఖాళీగా ఉన్న యంత్రంలోకి ప్రోగ్రామ్ ఎక్కించాలంటే, ఎక్కించే పనికి మరో ప్రోగ్రామ్ ముందే ఉండాలి. అతి చిన్న తొలి ప్రోగ్రామ్ లోపలికి వెళ్లి తనకంటే పెద్దదాన్ని తెచ్చుకునే ఏర్పాటు చేసి, దానికి ‘బూట్‌స్ట్రాప్’ అని పేరు పెట్టారు. వాడుకలో అది ‘బూట్’గా కురచైంది. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ గణాంకశాస్త్రంలోకీ ఈ పేరు తెచ్చాడు. చేతిలో ఉన్న ఒక్క నమూనా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి, అంచనా ఎంత అటూఇటూ కావచ్చో లెక్కగట్టే పద్ధతి అది. మాట అంతగా అతికిన సందర్భాలు తక్కువ.

బూటు గొట్టంలో సారా సీసా దాచే అలవాటు నుంచి ‘బూట్‌లెగ్’ పుట్టింది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధ కాలంలో దొంగసారాకు అది మారుపేరైంది, తర్వాత అనుమతి లేని పాటల రికార్డులకూ పాకింది. తన్నడం, కొలువులోంచి గెంటేయడం అనే అర్థాలకు వివరణ అక్కర్లేదు.

‘పైగా’, ‘దానికి తోడు’ అనే అర్థంలో ఇంగ్లీషువారు చివర తగిలించే ‘టు బూట్’ మాత్రం కాలిజోడుకు ఏమీ కాదు. లాభం, పరిహారం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట అది. ‘బెటర్’కు చుట్టం. అమరకోశంలోని నానార్థ వర్గం ఒకే రూపానికున్న అర్థాలను ఒకచోట కూర్చి ఇస్తుంది. ఆధునిక నిఘంటుకర్త అక్కడితో ఆగలేడు. ఒకే మాట విస్తరించిందా, వేర్వేరు మాటలు వచ్చి ఒకే రూపంలో కలిశాయా అన్నది అతను తేల్చాలి. నిఘంటు రచనలో ఇంతకంటే ఓపిక కోరే పని లేదు.

ఫ్రెంచి ‘బొత్’ దగ్గర ఈ పని మరీ కష్టం. అక్కడ మూడు వేర్వేరు మాటలు ఒకే అక్షరాలతో ఉంటాయి. ఒకటి బూటు. రెండోది కట్ట: ముల్లంగి కట్ట, గడ్డి మోపు. ఇది మధ్యయుగపు డచ్చి భాష నుంచి వచ్చింది. మూడోది కత్తిసాములో పోటు. దెబ్బ అనే అర్థమున్న ఇటాలియన్ ‘బొత్తా’ దీనికి మూలం. పాల్ ఫెవాల్ 1857లో రాసిన ‘లె బొసూ’ నవలలోని ‘నెవెర్ పోటు’ ఫ్రాన్సులో అందరికీ తెలిసిన రహస్య దెబ్బ. 1954లో వచ్చిన ‘మిల్ బోర్న్’ పేకాటలో ఆటగాణ్ని కాపాడే ముక్కల పేరూ ఈ మూడో మాటే. డబ్బున్నవాణ్ని ఫ్రెంచివారు ‘బొత్‌లో గడ్డి ఉన్నవాడు’ అంటారు. కొత్తగా నేర్చుకునేవారు గడ్డి అనగానే మోపు అనుకుంటారు గానీ, అక్కడున్నది బూటే.

అసలు బూటు నుంచి పుట్టిన పలుకుబళ్లూ ఫ్రెంచిలో కొల్లలు. ఆకారాన్ని బట్టి ఇటలీ దేశమే ‘బొత్’. ‘బూట్ల చప్పుడు’ అంటే యుద్ధమో సైనిక తిరుగుబాటో వచ్చే సూచన. ‘బూట్లలో నిటారుగా’ నిలబడటం అంటే మాట మీద గట్టిగా ఉండటం. 1995లో ప్రధాని అలెన్ జుపే టీవీలో తన గురించి ఈ మాట వాడాక, మొండితనం అనే ఛాయ కూడా దానికి అంటుకుంది. ‘నాకు నచ్చింది’ అనడానికి వాడే ‘స మ బొత్’ మాత్రం చనువున్నవాళ్ల మధ్యే వినిపిస్తుంది.

అక్రమంగా నిలిపిన కారు చక్రానికి పోలీసులు వేసే ఇనుప బిగింపును అమెరికాలో ‘డెన్వర్ బూట్’ అంటారు. ఫ్రాంక్ మరుగ్ తయారుచేసిన దాన్ని డెన్వర్ నగరం 1955 నుంచి వాడింది. ఫ్రెంచిలో దీని పేరు ‘డెన్వర్ సబో’. బూటు బదులు చెక్క జోడు వచ్చి కూర్చుంది. సబో మన పావుకోళ్ల వంటిది కాదు. ఒకే చెక్క దుంగను తొలిచి, పాదమంతా మూసేలా చేస్తారు. గుర్రపు గిట్ట, బ్రేకు దిమ్మె కూడా సబోలే. చెక్క జోళ్లు టకటకలాడించడం అనే అర్థమున్న ‘సబొతే’ క్రియకు, పనిని నాసిగా చేయడం అనే అర్థం వచ్చింది. 1897లో తులూజ్‌లో జరిగిన కార్మిక సమాఖ్య మహాసభలో ఎమిల్ పుజే వంటివారు దీన్ని పోరాట పద్ధతిగా ప్రతిపాదించాక, ‘సబొటాజ్’ రాజకీయ పదమైంది. కార్మికులు సబోలు యంత్రాల్లోకి విసిరారన్న కథ బాగా ప్రచారంలో ఉన్నా, దానికి ఆధారం లేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లీషు ఆ పదాన్ని యథాతథంగా తీసుకుంది. సైనిక పరిభాషలో సబోను కూడా అలాగే ఉంచుకుంది. వెడల్పైన ఫిరంగి గొట్టంలో సన్నని గుండును పట్టి ఉంచి, గొట్టం దాటగానే విడిపోయే తొడుగు అది.