దొరసాని, మంత్రసాని, సాని

ఆమధ్య వేటపాలెం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న రామాపురంలో బంధువుల ఇంటికి వెళ్ళాను. వీధి కుళాయి దగ్గర బిందెల వరస తప్పిందని ఇద్దరు ఆడవాళ్ళు గొడవపడ్డారు. మాటా మాటా పెరిగి ఒకామె రెండో ఆమెని "సానిదానా" అంది. అంతే, జుట్లు పట్టుకున్నారు. అరుగు మీద కూర్చున్న ముసలామె లేచి ఇద్దర్నీ విడదీసింది. ఆ ఊళ్ళో ఒక తరం పిల్లలకి పురుడు పోసిన మంత్రసాని ఆమె. "నిన్నూ సానే అంటారుగా పెద్దమ్మా?" అన్నాను. "నా ముందు మంత్రం ఉందమ్మాయ్. అది తీసేసి పిలిస్తే నేనూ ఊరుకోను" అంది.

డాక్టరేట్ చేసిన నాకు తట్టని విషయం ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

'సాని' తిట్టుగా పుట్టలేదు. సంస్కృతంలో 'స్వామిని', ప్రాకృతంలో 'సామిణి', తెలుగులో 'సాని'. అంటే యజమానురాలు. పదిహేనో శతాబ్దంలో పోతన తన భాగవతంలో కన్నతల్లిని లక్కసాని అనే చెప్పుకున్నాడు. కాకతీయుల కాలపు శాసనాల్లో గుడిసానులు దేవాలయాలకు దానాలిచ్చిన దాతలు. వాళ్ళు గౌరవనీయులైన తమ తండ్రుల పేర్లు చెప్పుకుని మరీ దానాలు చేశారని చరిత్రకారిణి సింథియా టాల్బట్ 2001లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది.

ఇవాళ ఆ మాట ఎక్కడెక్కడ మిగిలిందో చూడండి. ముందు దొర ఉంటే దొరసాని, గౌరవం. ముందు పని ఉంటే మంత్రసాని, అవసరం. అదీ నొప్పులు మొదలైన రాత్రి వరకే. ముందు మగవాడూ, పనీ లేకుండా ఒంటరిగా నిలబడితే మాత్రం సాని తిట్టు. ఇదే ధాతువు నుంచి వచ్చిన 'స్వామి' మాత్రం చెక్కు చెదరలేదు. దేవుడికీ స్వామే, మఠాధిపతికీ స్వామే.

ఇది తెలుగు మాటకే పట్టిన గతి కాదు. ప్రాచీన ఆంగ్లంలో 'క్వేన్', 'క్వెనె' అని రెండు దగ్గరి మాటలుండేవి. మొదటిది రాజుగారి భార్యకి స్థిరపడి ఇప్పటి 'క్వీన్' అయింది. రెండోదానికి ఉత్త స్త్రీ అని అర్థం. అది దాసిగా, వేశ్యగా దిగజారి, ఉచ్చారణలో రాణిగారి మాటతో కలిసిపోయి, చివరికి వాడుకలోంచి దాదాపు తప్పుకుంది. రాజు పక్కనున్న మాట సింహాసనమెక్కింది, ఒంటరి మాట వీధిన పడింది. సంస్కృతంలోని 'జని', మన ఆస్పత్రి బోర్డుల మీది 'గైనకాలజీ' కూడా ఆ మూలం నుంచి వచ్చినవే.

నీచార్థం మగవాళ్ళ మాటలకూ పట్టిందని అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. ఇంగ్లీషులో 'విలన్' అంటే మొదట భూస్వామి కింద పనిచేసే పల్లెటూరి రైతు. కానీ అతను అట్టడుగున ఉన్నవాడు కాబట్టి అతని మాట చెడింది. స్వామిని అలా కాదు, పైనుంచి పడింది. అట్టడుగు మగవాడికి వర్గం చేసిన అన్యాయాన్ని పైనున్న స్త్రీకి ఆమె స్త్రీత్వమే చేసింది.

షేక్‌స్పియర్ 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్'లో ఆడవేషంలో ఉన్న ఫాల్‌స్టాఫ్‌ని ముసలామె అనుకుని, ఫోర్డ్ ఈ 'క్వెనె' రూపంతోనే తిట్టి కొడతాడు. గురజాడ 1909 'కన్యాశుల్కం'లో మధురవాణి, సానుల ముఖం చూడని సౌజన్యారావు పంతుల్ని కలవడానికి మగవేషం వేసుకుని వెళుతుంది. ఆడవేషం కట్టిన మగవాడికి తిట్టు దక్కింది. మగవేషం కట్టిన స్త్రీకి మాట్లాడే వీలు దక్కింది. మన విమర్శకులు మధురవాణిని ఎంతగా మెచ్చుకున్నా "వేశ్య అయినా" అనే మొదలుపెడతారు. ఆ 'అయినా'లో పంతులుగారి గడప ఇంకా అలాగే ఉంది.

మరి ఈ మాటని మళ్ళీ తలెత్తుకుని వాడుకుందామా? అంత తేలిక కాదు. సంస్కరణోద్యమం, దాని వెనకే 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం గుడికి అంకితమివ్వడాన్ని ఆపాయి. అది అవసరమే. కానీ అవమానం మాత్రం ఆ ఇళ్ళ ఆడపిల్లల వెంటే నడిచింది. ఆ కుటుంబాల్లో చాలామంది పాత పేరు వదిలి సూర్యబలిజలని చెప్పుకున్నారు. ఆ మాటతో దెబ్బలు తిన్నవాళ్ళని, దాన్నే మళ్ళీ నగలా పెట్టుకోమనే హక్కు నాకు లేదు.

నా చేతిలో ఉన్న పని చిన్నది. పదమూడో శతాబ్దపు శాసనంలో 'సాని' కనబడగానే చూసుకోకుండా 'వేశ్య' అని అనువదించడం మానాలి. దానమిచ్చిన స్త్రీ పేరు దాతగానే రాయాలి. నా పాత వ్యాసం ఒకదాన్లో నేనూ ఆ తప్పు చేశాను. రామాపురం నుంచి వచ్చిన వారమే ఆ వ్యాసం తీసి దిద్దుకున్నాను.