జయంతికి అలసట లేదా?

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని ఇష్టంగా చదివినవాళ్లలో నేనూ ఒకదాన్ని. 1976లో సినిమా కూడా వచ్చింది. ఉద్యోగం చేసే అమ్మాయిని నాయికని చేయడం ఆ రోజుల్లో చిన్న విషయమేం కాదు. కాని ఆ జయంతి నిద్ర చెడగొట్టింది ఆఫీసు పని కన్నా రాజశేఖరమే!

ఇప్పుడు శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లోంచో, మేడ్చల్ ఫ్యాక్టరీల్లోంచో షిఫ్టు దిగి బస్సెక్కే అమ్మాయిని చూడండి. ఆమెని నిద్రపోనివ్వనిది రేపటి టార్గెట్. ఈ 'బర్నవుట్' జబ్బు కాదనీ, అదుపు చెయ్యకుండా వదిలేసిన ఉద్యోగపు ఒత్తిడి ఫలితమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మరి మన కథలో? ఏడ్చే పిల్లకి పెళ్లో ప్రాణాయామమో రాసిచ్చి చేతులు దులుపుకుంటాయి. ప్రాణాయామం మంచిదే లెండి, నేనూ చేస్తాను. ఇద్దరి పని ఒక్కర్తి నెత్తిన వేసిన మేనేజరు మాత్రం కథలోకి రాడేం? ఆమెకి వారం రోజులు సెలవెవరిస్తారో ఎవరైనా రాయండి, చదువుతాను.